అంతర్జాలములో బాలల పాఠములు: వెదకుట, ఎన్నుకొనుట

గ్రంథాలయములో పుస్తకములు వేలకొలది యుండవచ్చును. కాని వానికి పట్టిక లేనిచో, ఏ పుస్తకము ఏ బీరువాలో కలదో చెప్పువారు లేనిచో, అది గ్రంథాలయము కాదు, కాగితముల గుట్ట. నేడు పాఠశాల పిల్లలకు అంతర్జాలము ఇట్టి గుట్టగానే యున్నది. అందులో విజ్ఞానము లేదనుట అసత్యము. ఉన్నది ఎక్కడ నున్నదో, ఏది ఏ తరగతికి తగినదో తెలుపు ఏర్పాటు చాలదనుట మాత్రము సత్యము.

ఈ లోపము అందరిని ఒకే విధముగా బాధింపదు. ఇంటిలో కంప్యూటరు, ప్రక్కన చదువుకొన్న తల్లిదండ్రులు గల బాలుడు నాలుగు తప్పుదారులు త్రొక్కినను ఐదవ దారిలో కావలసినది కనుగొనును. ఇంటికంతకు ఒకే ఫోను, అదియు తండ్రి పనినుండి వచ్చిన తరువాత గంటసేపు మాత్రమే చేతికి వచ్చు బాలికకు ఆ నాలుగు తప్పుదారులతోనే గంట గడచిపోవును. 2020లో కరోనా వలన పాఠశాలలు మూతపడినప్పుడు తెలంగాణములో సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ప్రసారముల ద్వారా పాఠములు చెప్పిరి. టెలివిజను పాఠమునకు ఒక వేళ, ఒక వరుస కలవు. అంతర్జాలమునకు ఆ రెండును లేవు. వానిని ఎవరో ఒకరు సమకూర్చవలెను.

మాటల చిక్కు

తెలుగు మాధ్యమపు విద్యార్థికి మొదటి ఆటంకము మాటలోనే ఎదురగును. రసాయనశాస్త్ర పాఠములో 'అణువు' అనగా పరమాణువుల కలయిక. వార్తాపత్రికలలో 'అణుశక్తి', 'అణుబాంబు' అను మాటలు పరమాణు కేంద్రకమునకు సంబంధించినవి. 'అణువు' అని వెదకిన బాలుని ముందునకు నీటి అణువునకు బదులు రియాక్టర్ల వార్తలు వచ్చినచో వింత లేదు. 'శక్తి' సంగతి మరియు చిత్రమైనది. భౌతికశాస్త్రములో అది పని చేయగల సత్తా. తెలుగునాట శక్తి యనగా అమ్మవారు. ఆ పేరుతో స్తోత్రములు, ఆలయములు, చలనచిత్రములు ఎన్నో కలవు. 'కణము' జీవశాస్త్రములో ఒకటి, భౌతికశాస్త్రములో మరియొకటి. విద్యుత్ ఘటమును గురించి తెలిసికొనగోరి 'ఘటము' అని వెదకినచో సంగీత కచేరీ వినబడవచ్చును.

ఇందుకు శోధన యంత్రమును నిందించి ప్రయోజనము లేదు. అది ముఖ్యముగా మాటలను పోల్చును. ఏ పుటను ఇతర పుటలు ఎంతగా ఉదహరించుచున్నవో, జనులు దేనిని ఎక్కువగా ఎన్నుకొనుచున్నారో గమనించును. వెదకువారు ఏ తరగతి వారో, ఏ పాఠము దగ్గర ఆగిరో దానికి తెలియదు. ఎక్కువమంది కోరినది ముందునకు వచ్చుట దాని స్వభావము. ఎక్కువమంది కోరునది పరీక్ష గనుక, విజ్ఞానశాస్త్రపు మాట ఏది వ్రాసినను బిట్లు, మాదిరి ప్రశ్నపత్రములు, పోటీపరీక్షల శిక్షణోపన్యాసములు తరచుగా మొదటి వరుసను ఆక్రమించుచున్నవి.

ఈ చిక్కునకు సులభమైన మందు పాఠ్యపుస్తకములోనే కలదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుండి, తెలంగాణములో 2022-23 నుండి ద్విభాషా పుస్తకములు వచ్చినవి. ఒక పుటలో ఆంగ్లము, ఎదుటి పుటలో అదే విషయము తెలుగులో నుండును. బోధనాభాషను గూర్చిన వాదములు ఎట్లున్నను, వెదకువానికి ఇది చేతిలోని నిఘంటువు. తెలుగు మాటకు ఎదుటి పుటలోని ఆంగ్లపు మాటను చేర్చి వెదకినచో అర్థభేదము చాలవరకు తొలగును. ఒంటి మాటకు బదులు తోడు మాటలతో వెదకుట రెండవ ఉపాయము: 'అణువు' అని కాక 'నీటి అణువు, హైడ్రోజన్, ఆక్సిజన్' అని వ్రాసినచో రియాక్టర్లు ప్రక్కకు తొలగును. తెలుగులో పుటలు వ్రాయువారు గూడ పారిభాషిక పదము ప్రక్కనే దాని ఆంగ్లరూపమును ఒక్కసారి వ్రాసినచో సగము కష్టము తీరును. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పదకోశములను ప్రచురించినది ఇట్టి ఏకరూపత కొరకే.

నిజమునకు ఒక పరీక్ష

దొరకినదంతయు నమ్మదగినది కాదు. ప్రతి పుటను నిపుణులు పరిశీలింపజాలరు. అయినను ఒక్కొక్క విషయములో నిజము తెలిసిన ప్రశ్న ఒకటి చేతనుంచుకొన్నచో, పుట యొక్క యోగ్యతను ఐదు నిమిషములలో తూచవచ్చును. భూగోళమునకు సంబంధించి ఋతువులు ఇట్టి మంచి ప్రశ్న.

పెక్కు బొమ్మలలో భూకక్ష్య కోడిగ్రుడ్డు వలె సాగియుండును. దానిని చూచిన బాలుడు భూమి సూర్యునికి చేరువైనప్పుడు వేసవి, దూరమైనప్పుడు చలికాలము అని అనుకొనుట సహజము. వాస్తవమునకు భూమి సూర్యునికి మిక్కిలి చేరువగా నుండునది జనవరి మొదటి వారములో; అప్పటి దూరము సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. మిక్కిలి దూరముగా, అనగా సుమారు 15.2 కోట్ల కిలోమీటర్ల దూరమున నుండునది జులై మొదటి వారములో. మనకు సంక్రాంతి చలి ముదిరియుండునది ఆ చేరువ దినములలోనే. ఋతువులకు కారణము భూమి అక్షము 23½ డిగ్రీలు వాలి యుండుట. భూకక్ష్యను 10 సెంటీమీటర్ల వెడల్పున సరియైన కొలతతో గీచినచో, దాని పొడవు వెడల్పుల భేదము పెన్సిలు గీత మందము కంటె తక్కువ. కంటికది వృత్తమే. సాగదీసిన బొమ్మను వేసి, అది ప్రక్కనుండి చూచినట్లు గీచినదని చెప్పక, ఋతువుల కారణమును దాటవేయు పుటను ఇతర విషయములలోను జాగ్రత్తతోనే చదువవలెను. బొమ్మ రంగురంగులుగా నుండుట దాని సత్యమునకు హామీ కాదు.

పని కల్పించు పాఠము

నిజము చెప్పుట ఒక్కటే చాలదు. బాలునిచేత ఏమి చేయించుచున్నది అను ప్రశ్న అంతకంటె ముఖ్యమైనది. ఈ దృష్టితో చూచినచో మొదటి వరుసలో నిలుచునది ఫెట్. 2001లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము పొందిన కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయములో దీనిని ప్రారంభించెను. ఇందులో ఉపన్యాసము లేదు. ఉన్నది ఒక బల్ల, దానిమీద పరికరములు. లోలకపు పాఠములో దారము పొడవు, గుండు ద్రవ్యరాశి, గురుత్వము మార్చి చూడవచ్చును. గుండును మార్చినను కాలము మారదని, దారమును నాలుగు రెట్లు చేసినచో కాలము రెండు రెట్లే యగునని విద్యార్థి తానే కనుగొనును. కొన్ని ప్రయోగములు తెలుగులోను దొరకుచున్నవి. ఒకసారి దింపుకొన్నచో ఇంటర్నెట్ లేకుండ గూడ నడచును. పల్లెటూరి పాఠశాలకు ఇది గొప్ప సౌకర్యము.

లోపములు లేకపోలేదు. అనువాదము స్వచ్ఛందముగా చేసినవారిది గనుక పాఠ్యపుస్తకపు పదమే ప్రతిచోట కనబడునని నమ్మరాదు. విద్యుద్వలయపు ప్రయోగములో ఎలక్ట్రాన్లు నీలపు గోలీల వలె దొర్లును. అది నమూనాయేగాని నిజరూపము కాదని ఉపాధ్యాయుడు చెప్పవలెను. అన్నిటికంటె పెద్ద లోపము, తెరమీది ప్రయోగము ఎన్నడును చెడదు. దారము తెగదు, గాలి అడ్డురాదు, లెక్క తప్పదు. కావున తెరను చూచిన వెంటనే ఒక రాయికి దారము కట్టి వ్రేలాడదీయవలెను. దూలమునుండి రాయి మధ్యకు ఒక మీటరు ఉన్నచో పది డోలనములకు సుమారు 20 సెకనులు పట్టును. 25 సెంటీమీటర్లకు కుదించినచో సుమారు 10 సెకనులు. తెర చెప్పినదానిని రాయి ఒప్పుకొనినప్పుడు గాని పాఠము పూర్తికాదు.

ఈ కొరతను తీర్చునది అరవింద్ గుప్తా సేకరణ. కాన్పూరు ఐఐటీలో ఇంజనీరింగు చదివి, పారవేసిన వస్తువులతో విజ్ఞానపు బొమ్మలు చేయుటకే జీవితమును వినియోగించిన ఆయనకు 2018లో పద్మశ్రీ లభించినది. అగ్గిపుల్లలు, సైకిలు వాల్వు ట్యూబు ముక్కలు కలిపి త్రిభుజము, చతురస్రము కట్టించును. త్రిభుజమును నొక్కిన కదలదు. చతురస్రము ప్రక్కకు ఒరిగిపోవును. ఇంటి పైకప్పు దూలములను త్రిభుజములుగా ఏల అమర్చుదురో ఆ ఒక్క బొమ్మతో తెలియును. ఒక బ్యాటరీ, రెండు పిన్నీసులు, అయస్కాంతము, రాగితీగతో తిరుగు మోటారును చేయించును. తెలుగు పుస్తకములును అచ్చట ఉచితముగా దొరకును. అయితే ఈ సేకరణ పాఠ్యక్రమము ప్రకారము కూర్చినది కాదు. బొమ్మ ఎట్లు చేయవలెనో తెలిసినంత స్పష్టముగా, అది ఏల పనిచేయుచున్నదో ప్రతిచోట తెలియదు. ఆ మిగిలిన సగము తరగతి గదిలో పూరింపవలసినదే.

దీక్ష: సరియైన దారి, సగము ప్రయాణము

2017 సెప్టెంబరు 5న భారత ప్రభుత్వము ప్రారంభించిన దీక్ష వేదిక, అటుపిమ్మట పాఠ్యపుస్తకములలో ముద్రితమైన క్యూఆర్ కోడులు, ఈ సమస్యకు సూత్రరీత్యా సరియైన సమాధానము. పాఠము ప్రక్కనున్న చదరపు గుర్తును ఫోనుకు చూపినచో ఆ పాఠమునకు చెందిన పుటయే తెరచుకొనును. వెదకు మాట అవసరము లేదు. అణువునకు అణుబాంబు ఎదురుకాదు. పుస్తకమే పట్టికగా మారినది.

కాని ఆ గుర్తు వెనుక ఏమున్నది అనునది అసలు ప్రశ్న. పెక్కుచోట్ల కనబడునది పుస్తకములోని పాఠమును మరల చదివి వినిపించు వీడియో. పుస్తకము చెప్పలేనిది చూపుటకే గదా తెర! గుండె కవాటములు మూసికొని తెరచుకొనుట, చంద్రకళలు మారుట, మొగ్గ విచ్చుకొనుట పుటలో కదలవు, తెరమీద కదలును. కదలవలసినవానిని వదలి, చదువవలసినవానిని చదివించుట తలుపు చక్కగా కట్టి గదిని ఖాళీగా వదలుట వంటిది. నూరు పాఠములకు నూరు ఉపన్యాసముల కంటె, కదలిక లేనిదే బోధపడని ఇరువది పాఠములకు ఇరువది మంచి దృశ్యములు మేలు.

చదువుటకు దొరకువానిలో రెంటిని చెప్పవలెను. 2015లో ప్రథమ్ బుక్స్ ప్రారంభించిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితముగా నున్నవి. ప్రతి కథకును చదువరి స్థాయి నాలుగు మెట్లలో సూచించియుండుట ఆదర్శప్రాయమైన పద్ధతి. 2003లో మొదలైన తెలుగు వికీపీడియా పెద్దలకు వ్రాసిన విజ్ఞానసర్వస్వము, బాలల పాఠ్యగ్రంథము కాదు. ఎవరైనను దిద్దవచ్చును గనుక మంచి వ్యాసము ప్రక్కనే అరకొర వ్యాసము నుండును. అయితే ఏ మార్పు ఎప్పుడు జరిగినదో చరిత్ర పుటలో కనబడును. ఆధారములు అడుగున ఉండవలెనను నియమము కలదు. 'ఈ మాటకు ఆధారమేది?' అని అడుగుట నేర్పదలచిన ఉపాధ్యాయునికి ఇంతకంటె మంచి సాధనము అరుదు.

ఉచితము యొక్క వెల

ఉచితమని తోచునదానికి వెల మరియొక రూపమున నుండవచ్చును. 2019లో అమెరికాలో, పిల్లల సమాచారమును తల్లిదండ్రుల అనుమతి లేకుండ సేకరించినట్లు వచ్చిన అభియోగముపై గూగుల్, యూట్యూబ్ సంస్థలు 17 కోట్ల డాలర్లు చెల్లించుటకు అంగీకరించినవి. మన దేశములో 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టము 18 ఏండ్లు నిండనివారినందరిని బాలలుగా పరిగణించినది. వారి సమాచారమును వాడుటకు తల్లిదండ్రుల లేక సంరక్షకుల అనుమతి కావలెననియు, వారికి గురిపెట్టి ప్రకటనలు చూపరాదనియు, కొన్ని మినహాయింపులతో, నిర్దేశించినది. పాఠము చూపుటకు ముందు బాలుని పేరు, ఫోను నంబరు అడుగు పుటను ఎన్నుకొనుటకు ముందు ఉపాధ్యాయుడు ఒక్క క్షణము ఆగవలెను. లోలకము ఊగుటకు ఎవరి ఫోను నంబరును అక్కరలేదు.

చేయవలసిన పని

ఇన్ని పరీక్షలు బాలుడు చేయజాలడు. కావున పట్టిక కూర్చు భారము పెద్దలది. అందును పాఠము చెప్పువారిది. ప్రతి తరగతికి, ప్రతి విషయమునకు పదియేసి వనరులతో ఒక్క కాగితపు పట్టిక చాలును. పాఠము పేరు, తెలుగు మాట, ఆంగ్లపు మాట, విద్యార్థి చేయవలసిన పని, పట్టు సమయము, పరిశీలించిన తేది: ఇవి ఆరు గడులు. తేది అనవసరమని తలపరాదు. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్ అను సాధనమునకు మద్దతు నిలిచిపోవుటతో దానిపై ఆధారపడిన విద్యాచిత్రములు ఎన్నో చూచుటకు వీలులేనివైనవి. అంతర్జాలపు పట్టికను ఏటేట దుమ్ము దులుపకున్నచో అది తాళము పోయిన బీరువా యగును.

ఒక మండలములోని ఉపాధ్యాయులు తలకొక విషయమును పంచుకొన్నచో ఈ పని కొలది వారములది. ఆ కాగితము తరగతి గోడకు అంటించియున్నచో, సాయంత్రము గంటసేపు మాత్రమే ఫోను దొరకు బాలికకు ఆ గంట వెదకుటలో కాక నేర్చుకొనుటలో గడచును.