తొలి బాల్య వికాస సూచిక: కొలిచేది సామర్థ్యాన్నా, అవకాశాన్నా?

యునిసెఫ్ గృహ సర్వేలలో చాలాకాలం వాడిన ‘తొలి బాల్య వికాస సూచిక’ 36–59 నెలల పిల్లల గురించి తల్లిని లేదా సంరక్షకులను 10 ప్రశ్నలు అడుగుతుంది. అక్షర–సంఖ్యా జ్ఞానం, శారీరక, సామాజిక–ఉద్వేగ, అభ్యసన రంగాలు నాలుగింటిలో కనీసం మూడు సంతృప్తికరంగా ఉంటే శిశు వికాసం సవ్యంగా ఉన్నట్లు పరిగణిస్తుంది. ఈ ఏకరూపత పోలికను సులభం చేస్తుంది గాని, పోల్చుతున్నది దేనినన్న ప్రశ్నను మిగులుస్తుంది.

10 అక్షరాలను గుర్తించడం అందులో ఒక అంశం. 26 అక్షరాల ఆంగ్లానికీ, 56 వర్ణాలతోపాటు గుణింతాలు, ఒత్తులు గల తెలుగుకూ ఆ ‘పది’ సమానం కాదు. పైగా ఇంట్లో పుస్తకం, ఊరిలో పూర్వ ప్రాథమిక బడి లేనిచోట ఆ ప్రశ్న శిశువు సామర్థ్యం కంటె శిశువుకు దక్కిన అవకాశాన్నే ఎక్కువగా కొలుస్తుంది.

కెన్యాలోని కిప్సిగిస్ శిశువులపై చార్లెస్ సూపర్ 1976లో ప్రచురించిన అధ్యయనం ఈ భేదాన్ని స్పష్టపరచింది. పెద్దలు పనిగట్టుకొని నేర్పే కూర్చోవడం, నడవడం వంటి నైపుణ్యాలలో ఆ శిశువులు అమెరికా శిశువులకంటె ముందున్నారు. అలా నేర్పని నైపుణ్యాలలో ఆ ఆధిక్యం కనిపించలేదు.

అయితే ప్రతి సంస్కృతికీ ప్రత్యేక కొలమానం చాలునన్న వాదమూ నిలవదు. పోలికకు వీలులేని చోట అసమానత మరుగున పడుతుంది. 20 ప్రశ్నల కొత్త సూచిక వయసును బట్టి ప్రమాణాలను సవరించింది గాని, ఫలితం ఇంకా ఒకే శాతంగా వెలువడుతోంది. అవే సర్వేలు సేకరించే ఇంటి పుస్తకాలు, పూర్వ ప్రాథమిక హాజరు వివరాలను ఆ శాతం పక్కనే చూపడం అవసరం. లేనిపక్షంలో బడి లేని లోపం శిశువు లోపంగా నమోదవుతుంది.