మౌన కారాగారము – మౌఖిక చరిత్ర

అమెరికా దేశమున ఫిలడెల్ఫియా నగరమందలి ఈస్టర్న్ స్టేట్ పెనిటెన్షియరీ 1829లో ఏకాంతవాస శిక్షకై తెరువబడినది. తోటి ఖైదీతో మాటాడుటయే నేరమైన ఆ చెఱసాల 1971లో మూతపడి, 1994 నుండి సందర్శకులకు ప్రదర్శనశాలయైనది. నేడు అచట పూర్వపు ఖైదీల, కావలివారల కంఠస్వరములు శ్రవణయంత్రము ద్వారా వినబడుచున్నవి.

శిక్ష ననుభవించినవానిని, కాపు కాచినవానిని పక్కపక్కనే వినిపించుట ఈ యేర్పాటునందలి గుణమని మా యభిప్రాయము. అయినను ఒక చిక్కు కలదు. ఏకాంతవాస పద్ధతి 1913లోనే అధికారికముగా తొలగింపబడినది. నేడు వినబడు స్వరములు ఆ తరువాతి తరములవారివి. పాతగదిలో నిలిచి ఈ గొంతులు వినువాడు రెండు కాలములను ఒక్కటిగా భ్రమింపవచ్చును.

తొలినాటి బందీల పలుకులు మనకు పరుల వ్రాతలలోనే మిగిలినవి. 1831లో టోక్‌విల్ గదిగదికిని పోయి వారిని ప్రశ్నించి వ్రాసికొనెను. 1842లో డికెన్సు ఆ శిక్షను చూచి ఖండించెను. ఆ వ్రాతలు వారి యనుభవమునకు సాక్ష్యములే కాని వారి స్వరములు కావు.

కావున వినిపించు ప్రతి స్వరమునకును ఎవరిది, ఏనాటిది, ఎవరడుగగా చెప్పినది అను వివరములు తోడుగా నుండవలెను. స్వరము దొరకని గదిని అరువుగొంతుతో నింపరాదు. మాటాడనీయబడని వానికి అది రెండవ యన్యాయమగును. పల్లెలలో మౌఖిక కథనములు సేకరించు మన పరిశోధకులకును ఈ జాగ్రత్త అవసరమని తలంచుచున్నాము.