జూమ్ లేకుండా

గొడవ జరిగే చోట ఫోటో తీయాలంటే మా వృత్తిలో ఎవరైనా ముందు పొడుగు లెన్సే బిగిస్తారు. రాయి తగలదు, లాఠీ అందదు, బొమ్మ మాత్రం నిండుగా వస్తుంది. నేనూ అలాగే తీశాను, ఇప్పటికీ తప్పనను. కానీ ఆ ఫోటోల్లో కుర్రాడెప్పుడూ ఒక్కడే: ముఖానికి గుడ్డ, చేతిలో రాయి. వాడికి పేరుండదు. అలాంటి కుర్రాళ్లనే ఒకడు వేరేగా తీశాడు.

పారిస్ శివారు మోంఫెర్మేలో లె బోస్కే అని అపార్టుమెంట్ల కాలనీ. ఎక్కువగా వలస కుటుంబాలు. జేఆర్ అనే పేరుతో గోడలకు ఫోటోలు అంటించే యువకుడు 2004లో అక్కడి కుర్రాళ్లను తీసి, ఎవరి అనుమతీ అడక్కుండా అక్కడి గోడలకే పెద్ద పోస్టర్లు అంటించాడు. ఒకదాంట్లో లాజ్ లీ అనే స్థానికుడు వీడియో కెమెరాను మనవైపు గురిపెట్టి నిలబడతాడు. తుపాకీ అనుకుని ఉలిక్కిపడతాం. ఆ ఉలికిపాటు మనదే, అతనిది కాదు.

మరుసటి ఏడు అక్టోబర్ 27న పక్కనే ఉన్న క్లిషీ-సూ-బువాలో పోలీసులకు భయపడి కరెంటు సబ్‌స్టేషన్‌లో దాక్కున్న జియెద్ బెన్నా (17), బునా త్రావొరే (15) షాక్ కొట్టి చనిపోయారు. మూడు వారాలు ఊరూరా అల్లర్లు రగిలాయి. గోడ మీది పోస్టర్లు దేన్నీ ఆపలేదు. కళతో హింస ఆగుతుందని ఎవరన్నా చెబితే నేను నమ్మను.

జేఆర్ మళ్లీ వెళ్లాడు, ఈసారి 28 ఎంఎం లెన్స్‌తో. దాంతో ముఖం ఫ్రేమ్ నిండాలంటే జానెడు దూరంలోకి వెళ్లాలి. ముక్కు బంగాళదుంపలా ఉబ్బుతుంది. పెళ్లి ఆల్బమ్‌లో ఇలాంటి బొమ్మ పెడితే డబ్బులివ్వరు! అంత దగ్గరికి దొంగచాటుగా వెళ్లడం కుదరదు, అవతలివాడు రానివ్వాలి. కుర్రాళ్లు రానిచ్చారు. టీవీ తమనెలా చూపిస్తోందో ఆ వేషమే వేసి, కళ్లు తేలేసి, పళ్లికిలించి వెక్కిరించారు. ఆ ముఖాలు పారిస్‌లో డబ్బున్నవాళ్ల వీధి గోడలెక్కాయి, కింద పేరు, వయసు, బిల్డింగ్ నంబరుతో సహా. అడ్రసిచ్చి మరీ ఎదురుపడ్డవాణ్ని అల్లరిమూక అనడానికి నోరు అంత తేలిగ్గా రాదు.

తర్వాత అవే ఫోటోలు పారిస్ సిటీ హాల్ ముందు దర్జాగా కొలువుదీరాయి. అది నాకంత గొప్పగా అనిపించదు. నా ఆసక్తంతా లాజ్ లీ మీదే. ఫోటో తీసినవాడు ప్రపంచమంతా తిరిగాడు, ఫోటోలో ఉన్నవాడు కాలనీలోనే ఉండి పోలీసుల తీరును కెమెరాకెక్కిస్తూ వచ్చాడు. అతని సినిమా 'లె మిజరాబ్ల్' 2019లో కాన్ చిత్రోత్సవంలో జ్యూరీ బహుమతి అందుకుంది. అంతకు ముందే, 2018లో, తన ప్రాంతంలోనే సినిమా బడి తెరిచాడు. ఫీజు లేదు, డిగ్రీ అడగరు. 2020లో అక్కడ ఫోటో విభాగం మొదలుపెట్టింది జేఆరే.