హారం లేని భిన్నం

ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కితే విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి దాటి దిల్‌సుఖ్‌నగర్ వచ్చేదాకా కిటికీలోంచి చదవడానికి బాగా దొరికేవి ర్యాంకుల హోర్డింగులు. మే, జూన్ నెలల్లో మరీనూ. కథనో సినిమానో చదివినట్టు వీటిని కూర్చుని ఎవరూ చదవరు. కానీ చదవాల్సిందే. మన మధ్యతరగతి ఇళ్లల్లో ఒక పిల్లాణ్ణి ఇంకో పిల్లాడితో పోల్చే భాష చాలామటుకు ఇక్కడే తయారవుతోంది.

ముందు దీని వ్యాకరణం చూద్దాం. పాస్‌పోర్ట్ ఫొటో, పేరు, హాల్‌టికెట్ నంబరు, ర్యాంకు. క్రియ ఉండదు. ఆ అమ్మాయి ఎన్నేళ్లు చదివింది, లాంగ్ టర్మ్ తీసుకుందా, ఏమీ తెలీదు. అసలు అక్కడ ఎంతమంది చేరారో, ఎంతమంది పరీక్ష రాశారో కూడా ఉండదు. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే ఇది లిమిట్ 10 పెట్టిన క్వెరీ. కౌంట్ ఎంతని ఎవరూ అడగరు. లెక్కల మాస్టారి భాషలో లవం ఉంది, హారం లేదు.

1954లో లియాన్ ఫెస్టింగర్ అనే అమెరికన్ సైకాలజిస్టు సామాజిక పోలిక మీద ఒక సిద్ధాంతం రాశాడు. వేరే కొలబద్ద దొరకనప్పుడు మనల్ని మనం ఇతరులతో తూచుకుంటాం, అదీ మనలాంటివాళ్లతోనే ఎక్కువ అన్నది అందులో ముఖ్యమైన మాట. నిజమే కదా. సత్య నాదెళ్ల జీతం తెలిస్తే మనకేం కాదు, రూమ్మేట్ ప్యాకేజీ తెలిస్తే ఆ రాత్రి నిద్ర పట్టదు. హోర్డింగ్ పనిచేసేదీ ఇలాగే. నూనె రాసి దువ్విన జుట్టు, మన కాలనీలో వినిపించే ఇంటిపేరు. ముఖం చాలా దగ్గర, అంకె చాలా దూరం. ఆ రెంటి మధ్య ఉన్న ఖాళీని, చూసే పిల్లాడు తన లోపంతో పూరించుకుంటాడు.

దీనికి జవాబులా కనిపించే కథ ‘90స్: ఎ మిడిల్ క్లాస్ బయోపిక్’. 2024 జనవరిలో వచ్చిన ఈ సిరీస్‌కి ఆదిత్య హాసన్ దర్శకుడు. శివాజీ లెక్కల మాస్టారు చంద్రశేఖర్‌గా వేశాడు. ఇంట్లో బాగా చదివే అన్న, చదువు తలకెక్కని తమ్ముడు. హోర్డింగ్‌లో చోటు దొరకని పిల్లాడికి ఇక్కడ ఒక ఇల్లుంది, అల్లరుంది, ఉప్మా మీద విసుగుంది. అది చిన్న సంగతి కాదు. కానీ నాకో పేచీ ఉంది. మార్కుల సీన్లకి మనం హాయిగా నవ్వగలగడం అదంతా గడిచిపోయిందని తెలుసు కాబట్టి. జ్ఞాపకాల పూత పూస్తే అవమానం కూడా తీపి గుర్తే. రిజల్ట్స్ వచ్చిన సాయంత్రం పదిహేడేళ్ల పిల్లకి ‘తర్వాత’ అనేదే కనపడదు.

2019 ఏప్రిల్ అందుకే గుర్తుండాలి. తెలంగాణ ఇంటర్ ఫలితాలొచ్చాక కొద్దిరోజుల్లోనే 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. అలాంటి చావుకి ఒకే కారణం అంటగట్టడం తప్పు. కానీ ఆ ఫలితాల్లోనే తప్పులు దొర్లాయి. ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా వేశారు. మళ్లీ చూస్తే 99. ఫెయిలైనవాళ్ల పేపర్లు తిరిగి చూశాక వెయ్యిమందికి పైగా పాసయ్యారు. అంటే ఎంతోమంది పిల్లలు ఏ అంకెతో తమని తాము తూచుకున్నారో ఆ అంకే తప్పు.

మరి ర్యాంకులు, మార్కులు తీసేస్తే సరిపోతుందా? 2012లో పదో తరగతికి గ్రేడ్లు తెచ్చారు. వెంటనే హోర్డింగులు ‘10/10’లు ఎన్నొచ్చాయో లెక్కపెట్టి వేసుకున్నాయి. 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ కోచింగ్ ప్రకటనలకి మార్గదర్శకాలిచ్చింది. ర్యాంకు వేస్తే ఏ కోర్సు, ఎంతకాలం అనేదీ చెప్పాలి, విద్యార్థి సమ్మతి లేకుండా ఫొటో వాడకూడదు. పోయిన క్రియ కొంచెం తిరిగొచ్చినట్టే. హారం కూడా రావాలి: ఎంతమంది చేరితే ఎంతమందికి సీటొచ్చింది?

పోల్చుకోకురా అని పిల్లలకి సుద్దులు చెప్పడం సులువు. పోల్చుకోడానికి వాళ్ల చేతికిస్తున్న లెక్క సగమే అని పెద్దవాళ్లం ముందు ఒప్పుకోవాలి. ఇంట్లో ఎవరైనా ఫలితాల కోసం ఎదురుచూస్తుంటే ఆ రోజు పక్కనే ఉండండి. బయటివాళ్లతో మాట్లాడితే తేలిక అనిపిస్తే టెలి మానస్ 14416 పగలూ రాత్రీ పలుకుతుంది.