‘మన’లో ఎవరున్నారు?

2019 డిసెంబర్ 6 పొద్దున్నే మా అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేసింది. “టీవీ చూశావటే? నలుగుర్నీ లేపేశారంట. మంచిపని చేశారు. మన పిల్ల ఉసురు ఊరికే పోతుందా” అంది. అప్పుడు నేను హైదరాబాద్‌లో ఒక వర్కింగ్ విమెన్స్ హాస్టల్లో ఉంటూ స్త్రీల ఆత్మకథల మీద పరిశోధన పూర్తి చేస్తున్నాను. ఎన్‌కౌంటర్లు చట్టబద్ధమైన న్యాయం కాదని అంతకుముందు ఎన్నో సభల్లో విన్నాను, నేనూ మాట్లాడాను. అయినా అమ్మ మాట వినగానే నా లోపల ఒక ‘హమ్మయ్య’ కదిలింది. దాన్ని దాచిపెట్టి ఈ వ్యాసం రాయడం నిజాయితీ కాదు.

కిందికి మెస్‌లోకి వెళితే అందరూ టీవీ ముందే ఉన్నారు. షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి వంతెన మీద నుంచి జనం పోలీసుల మీద పూలు చల్లుతున్నారు. కాలేజీ బస్సులోంచి అమ్మాయిలు చేతులూపుతూ కేరింతలు కొడుతున్నారు. ఇంకోచోట ఆడవాళ్ళు పోలీసులకి రాఖీలు కట్టి, మిఠాయిలు తినిపిస్తున్నారు. మాకు వంట చేసిపెట్టే అక్క ఇడ్లీల గిన్నె పట్టుకుని కాసేపు చూసింది. “మా మక్తల్ దిక్కు పోరగాండ్లేనమ్మా” అంది. “తప్పు చేసిండ్రు, శిక్ష పడాలె. వద్దంటలేను. కానీ ఒకని పెండ్లాం కడుపుతోని ఉన్నదట. ఆమె ఏం జేసింది?” ఎవరూ బదులివ్వలేదు. ఎవరో టీవీ సౌండ్ పెంచారు.

ఒక్క పొద్దున నేను విన్న ఆ రెండు మాటల మధ్య ఉన్న తేడా గురించి చాలాకాలంగా ఆలోచిస్తున్నాను. అమ్మ ‘మన’ అంది, అక్క ‘మా’ అంది. ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఈ రెంటికీ ఒకటే మాట. తెలుగులో ‘మనం’ వినేవాళ్ళని కూడా కలుపుకుంటుంది, ‘మేం’ వాళ్ళని బయట ఉంచుతుంది. ‘మన పిల్ల’ అన్నప్పుడు అమ్మ నన్ను అడక్కుండానే తనలో కలిపేసుకుంది. ‘మా దిక్కు’ అన్నప్పుడు అక్క మమ్మల్నెవరినీ తనతో రమ్మనలేదు. ఆ సిగ్గునీ ఆ దుఃఖాన్నీ తాను ఒక్కతే మోసింది.

సాహిత్య విద్యార్థులుగా మనం కథనీ నవలనీ విశ్లేషిస్తాం. పేపర్ మడిచి పక్కన పెడుతూ ఇంట్లోవాళ్ళు అనే ‘అయ్యో’నీ, ‘బాగా అయింది’నీ, ‘మన పిల్లే’నీ ఎవరూ విశ్లేషించరు. అవి సాయంత్రానికి మాయమైపోతాయి. కానీ నేరం వార్తయినా, ఆటల పేజీ అయినా, సినిమా కబురైనా, ఒక స్త్రీని గురించి సమాజం తీర్పు మొదట తయారయ్యేది ఆ మాటల్లోనే. ఆ మాటల్లో ‘మన’ చేసే పని ఏమిటో చూడాలన్నదే నా ప్రయత్నం.

శంషాబాద్‌లో ఆ యువ వైద్యురాలి మీద అత్యాచారం, హత్య జరిగింది 2019 నవంబర్ 27 రాత్రి. పోలీసులు ఆమెకి ‘దిశ’ అని పేరు పెట్టారు. రెండు మూడు రోజుల్లోనే ఆమె అందరి ఇళ్ళలోనూ కూతురైపోయింది. ఆ బాధ నిజమైనదే. నేనూ ఒక కొవ్వొత్తుల ప్రదర్శనలో నడిచాను. అయితే ఆ ‘మన కూతురు’ వెంటనే ఏం కోరిందో కూడా చూడాలి. ఆమె చెల్లెలికి కాకుండా 100కి ఫోన్ చేసి ఉండాల్సిందని అప్పటి హోంమంత్రి అన్నారు. ఆర్టీసీలో ఆడవాళ్ళకి రాత్రి డ్యూటీలు వేయొద్దని అప్పటి ముఖ్యమంత్రి చెప్పారు. మా హాస్టల్ గేటు మూసే వేళ గంట ముందుకి జరిగింది. మన కూతురు కాబట్టి తెగ నరకాలి, మన కూతురు కాబట్టి ఇంట్లో ఉండాలి. రెండు కోరికలూ ఒకే నోటి నుంచి, ఒకే ప్రేమతో వచ్చాయి. కూతురు అన్న మాటలో రక్షణ ఎంత ఉందో యాజమాన్యం అంతే ఉంది.

దానికి మూడు రోజుల ముందు, నవంబర్ 24న, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలంలో మరో స్త్రీ మీద సామూహిక అత్యాచారం చేసి చంపేశారు. ఊరూరా తిరిగి చిన్న చిన్న సామాన్లు అమ్ముకు బతికే దళిత స్త్రీ ఆమె. ఆమెకి కూడా పోలీసులే ‘సమత’ అని పేరు పెట్టారు. దళిత సంఘాలు ఆందోళన చేశాయి. ఆదిలాబాద్ ప్రత్యేక కోర్టు 2020 జనవరి 30న ముగ్గురికి మరణశిక్ష వేసింది. ఆమె కోసం హైదరాబాద్‌లో నేను ఏ కొవ్వొత్తీ వెలిగించలేదు. ఇంకా చెప్పాలంటే, నేను కొవ్వొత్తి పట్టుకుని నడిచిన రోజుకి ఆమె సంగతే నాకు తెలియదు. ఆ వార్త లోపలి పేజీల్లో ఉంది, నేను మొదటి పేజీ దగ్గరే ఏడ్చి ఆగిపోయాను. అమ్మ ఆమె గురించి ఫోన్ చేయలేదు. ‘దిశ’, ‘సమత’, ఢిల్లీ ‘నిర్భయ’, అన్నీ మంచి అర్థాలున్న పేర్లే. బాధితురాలి అసలు పేరు బయటపెట్టకూడదని చట్టం చెబుతుంది, అది అవసరమే. కానీ సమత అని పేరు పెట్టినంత మాత్రాన సమానంగా ఏడవం అని మాత్రం ఆ వారంలో తేలిపోయింది.

చటాన్‌పల్లి కాల్పుల మీద సుప్రీంకోర్టు జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్‌ని వేసింది. దాని నివేదిక 2022 మేలో బయటికి వచ్చింది. పోలీసులు చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, చనిపోయిన నలుగురిలో ముగ్గురు ఘటన నాటికి మైనర్లని అది తేల్చింది. పదిమంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరగాలని చెప్పింది. ఆ నివేదిక వచ్చిన రోజున అమ్మకి నేనే ఫోన్ చేశాను. “ఇప్పుడెందుకే అవన్నీ” అంది. ఉద్వేగానికి ఉన్న జ్ఞాపకశక్తి అంతే.

జనం ఎప్పుడూ ఇలాగే స్పందించారనుకోవడం కూడా పొరపాటు. 1978లో ఇదే హైదరాబాద్‌లో భర్తతో సినిమా చూసి వస్తున్న రమీజాబీని పోలీసులు పట్టుకుపోయి స్టేషన్‌లో అత్యాచారం చేశారు. అడగబోయిన భర్త అహ్మద్ హుస్సేన్‌ని కొట్టారు, అతను చనిపోయాడు. అప్పుడు నగరం పోలీసుల మీద తిరగబడింది. ముక్తదర్ కమిషన్ పోలీసులని దోషులుగా తేల్చింది. అయితే విచారణలో ఆమెని వేశ్యగా చూపించడానికి చేయని ప్రయత్నం లేదు. కేసు కర్ణాటకలోని రాయచూరుకి మారి, 1981లో పోలీసులు నిర్దోషులుగా బయటపడ్డారు. ఆమె కోసం రోడ్డెక్కిన జనంలో ఎంతమంది చివరిదాకా ఆమెని ‘మన’ అన్నారు? శీలం మీద అనుమానం రాగానే ‘మన’ జారిపోతుంది. 1978లోని జనాగ్రహానికీ 2019లోని పూలవానకీ మధ్య పోలీసు ఎదురుపక్క నుంచి మనపక్కకి వచ్చాడు, రాఖీ కట్టించుకునే అన్న అయ్యాడు. ఈ మార్పులో స్త్రీవాదులుగా మన ఓటమి ఎంతుందో మనమే లెక్క వేసుకోవాలి.

ఆటల పేజీలో విషాదం ఉండదు కాబట్టి అక్కడ ‘మన’ ఇంకా తేలిగ్గా కనిపిస్తుంది. 2016 ఆగస్టు 19న రియో ఒలింపిక్స్ ఫైనల్లో సింధు ఆడుతుంటే మా మేనమామ ఇంట్లో పదిహేనుమందిమి కూర్చుని చూశాం. రెండో గేమ్ నడుస్తుండగా మామయ్య సెల్‌ఫోన్ తీసి ఏదో వెతుకుతూ, “మనవాళ్ళేనా?” అన్నాడు. తెలుగులో ‘మనవాళ్ళు’ అంటే ఏమిటో ఎవరికీ వివరించి చెప్పక్కర్లేదు. ఆ మాటతో పెళ్ళి సంబంధాలు కుదురుతాయి, అద్దె ఇళ్ళు దొరుకుతాయి. ఆ రోజు ఇంటర్నెట్‌లో సింధు గురించి ఎక్కువగా వెతికినవాటిలో ఆమె కులం ఒకటని, అలా వెతికినవాళ్ళలో మన రెండు రాష్ట్రాలవాళ్ళే ముందున్నారని పత్రికలు రాశాయి. (‘మన రెండు రాష్ట్రాలు’ అని నేనూ రాశాను చూడండి.) ఆమె వెండి పతకంతో వచ్చాక తెలంగాణ 5 కోట్లు, ఆంధ్రప్రదేశ్ 3 కోట్లు ప్రకటించాయి. ఆమె ఎవరి బిడ్డ అని రెండు రాష్ట్రాలూ పోటీ పడ్డాయి. 2000 సంవత్సరంలో సిడ్నీలో కంచు పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరి ఎత్తిన బరువు మొత్తం 240 కిలోలు. ఆ అంకె మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. ‘ఆడపిల్లకి ఆ కండలేమిటి’ అన్న మాట మాత్రం నాకు గుర్తుంది.

కూతుళ్ళని చేసుకున్నంత సులువుగా కోడళ్ళని చేసి పంపేయడం కూడా మనకి తెలుసు. 2014 జూలైలో తెలంగాణ ప్రభుత్వం సానియా మీర్జాని బ్రాండ్ అంబాసిడర్‌గా నియమించినప్పుడు బిజెపి నాయకుడు కె. లక్ష్మణ్ ఆమెని ‘పాకిస్తాన్ కోడలు’ అన్నారు. అంతకు తొమ్మిదేళ్ళ ముందు ఆమె పొట్టి స్కర్టు మీద ఫత్వాల గొడవ నడిచింది. మతపెద్దలకి ఆమె సరిపోయినంత ముస్లిం కాదు, వీళ్ళకి సరిపోయినంత భారతీయురాలు కాదు. చివరి శ్వాసదాకా నేను భారతీయురాలినే అని ఆమె చెప్పుకోవాల్సి వచ్చింది. సింధుకి ఆ అవసరం ఎప్పుడైనా వస్తుందా? తెలుగు బంధుత్వ పదాల్లో కోడలు ఇంట్లోకి వచ్చిన మనిషే గానీ పుట్టింటి మనిషి కాదు. ఒక్క మాటతో హైదరాబాద్‌లో పెరిగిన క్రీడాకారిణికి పుట్టిల్లు లేకుండా చేశారు.

దీప్తి జీవాంజి సంగతి ఇంకోలా ఉంది. వరంగల్ దగ్గరి కల్లెడ గ్రామపు నిరుపేద కుటుంబం ఆమెది. బుద్ధిమాంద్యం ఉన్న పిల్ల అని ఊళ్ళో వెక్కిరించేవారని, అనాథాశ్రమంలో వదిలేయమని సలహాలిచ్చారని ఆమె తల్లిదండ్రులు పత్రికలకి చెప్పారు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కంచు పతకం గెలిచేసరికి ఆమె ‘మన వరంగల్ బిడ్డ’ అయింది. ‘మన’ అనిపించుకోవడానికి ఆమె ప్రపంచస్థాయిలో పరుగెత్తాల్సి వచ్చింది. పతకం రాని ఇలాంటి పిల్లల్ని మనం ఏమని పిలుస్తున్నాం?

సినిమా దగ్గరికొస్తే నేను మరింత ఇబ్బంది పడాలి. 2018 ఏప్రిల్ 7న శ్రీరెడ్డి ఫిల్మ్ చాంబర్ ముందు బట్టలు విప్పి నిరసన తెలిపింది. అవకాశాల పేరుతో లైంగికంగా వాడుకుంటున్నారనీ, తెలుగు అమ్మాయిలకి పని ఇవ్వడం లేదనీ ఆమె ఆరోపణ. మా అసోసియేషన్ ఆమెకి సభ్యత్వం ఇవ్వబోమంది, సభ్యులెవరూ ఆమెతో నటించరంది. విమర్శలు వచ్చాక ఆ మాట వెనక్కి తీసుకుంది. మా డిపార్ట్‌మెంట్ క్యాంటీన్‌లో ఆ వారం విన్నవి రెండే మాటలు: ‘సినిమావాళ్ళంతే’, ‘అలాంటివాళ్ళంతే’. వంట అక్క దగ్గర నుంచి ప్రొఫెసర్ దాకా ఎవరూ ఆమెని ‘మన పిల్ల’ అనలేదు.

నేనూ అనలేదు. హైదరాబాద్‌లో కొందరు స్త్రీవాదులు, ట్రాన్స్ మహిళలు, జూనియర్ ఆర్టిస్టులు ఆమెకి అండగా సమావేశమయ్యారు. ఒక స్నేహితురాలు రమ్మంటే ‘చాప్టర్ ఇవ్వాలి’ అని తప్పించుకున్నాను. అసలు కారణం ఆమె భాష నాకు నచ్చకపోవడం. ఆ తర్వాత ఆమె ఒక నటుణ్ణి తల్లి పేరుతో తిట్టి, క్షమాపణ చెప్పినప్పుడు నాకు మంచి సాకు దొరికింది. కవిత్వంలో దేహ రాజకీయాల గురించి పేజీలకి పేజీలు రాసిన నేను, ఎదురుగా ఒక దేహం రోడ్డు మీద కూర్చుంటే దానికి మర్యాద నేర్పబోయాను. తెలుగు సినిమారంగంలో లైంగిక వేధింపుల మీద 2019లో ప్రభుత్వం వేసిన ఉపసంఘం నివేదికని బయటపెట్టమని 2024 ఆగస్టులో సమంత అడిగినప్పుడు మా క్యాంటీన్ సానుభూతితో వింది. ఆ దారిలో మొదట రాళ్ళు తిన్న మనిషి పేరు మాత్రం ఎవరూ ఎత్తలేదు.

‘మన’ అనే మాటని వదిలేయమని నేను అనడం లేదు. అది లేకుండా ఏ ఉద్యమమూ నడవదు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల అనుభవాలని సేకరించి వేసిన పుస్తకం పేరు ‘మనకు తెలియని మన చరిత్ర’. ఆ పేరులో ‘మన’ రెండుసార్లు ఉంది. నా పరిశోధన కోసం దాన్ని ఎన్నోసార్లు చదివినా, ఆ రెండింటి మధ్య ఉన్న ‘తెలియని’ని నేను పట్టించుకోలేదు. ఆ రచయిత్రులు ముందు తమకి తెలియదని ఒప్పుకున్నారు. ఆ స్త్రీల దగ్గరికి వెళ్ళి కూర్చుని విన్నారు, ఆ తర్వాతే ‘మన’ అన్నారు. టీవీ ముందు కూర్చున్న మన ‘మన’కి ఆ ఒప్పుకోలు లేదు. వినే ఓపిక అంతకన్నా లేదు.

అమ్మతో ఇవన్నీ చెప్పాను. కోప్పడలేదు. “నా భయం నాది. నువ్వు రాత్రిళ్ళు బస్సుల్లో తిరిగేదానివి” అంది. ఆమె ‘మన పిల్ల’లో అన్నిటికంటే లోపల నేనే ఉన్నానని అప్పుడు అర్థమైంది. ఆ భయాన్ని కొట్టిపారేసే హక్కు నాకు లేదు. కానీ ఆ భయం ఎవరిని చంపమంటుందో, ఎవరిని మరచిపొమ్మంటుందో అడగాల్సిందే.

మక్తల్ అక్క ఆ రోజు అడిగిన ప్రశ్నకి నేను జవాబివ్వలేదు. ప్లేటు కడిగి పెట్టి పైకి వెళ్ళిపోయాను. కొన్నాళ్ళకి ఆమె పని మానేసింది. ఎక్కడుందో కనుక్కోలేదు. ఇన్నాళ్ళ ఆమె వంట తిన్న నాకు, ఆ ‘మా’లోకి నన్నూ రానిస్తావా అని అడగడం ఆ పొద్దున తోచలేదు.