వడిసెల పేరు పెట్టుకున్న దొర

పెరూ దేశంలో, కుస్కో సీమలోని కానస్ కొండల మీద, దాదాపు నాలుగువేల మీటర్ల ఎత్తున లాయో అనే ఊరుంది. ఆంద్రెస్ అలెన్‌కాస్త్రె 1909లో అక్కడ పుట్టాడు. ఇంటిపేరు స్పానిష్‌ది, ఇల్లు భూస్వాములది, నోటి మాట మాత్రం క్వెచువా. కవిగా కిల్కు వరాక అని పేరు పెట్టుకున్నాడు. వరాక అంటే వడిసెల, గొర్రెలకాపరి చేతిలో ఉండేది.

1950లలో వచ్చిన ఆయన కావ్యం పేరు ‘తాకి పర్వ’. తాకి అంటే పాట, పర్వ అంటే మొక్కజొన్న పూత. పద్దెనిమిదో శతాబ్దం తర్వాత క్వెచువాలో ఇంత గొప్ప రచన రాలేదని మెచ్చుకున్నవాడు సామాన్యుడు కాడు, హోసే మరియా అర్గేదాస్.

అలెన్‌కాస్త్రె తన కవిత్వంలోకి స్పానిష్ మాటను రానివ్వలేదు. నాలుగు వందల ఏళ్ళుగా జనం నోట కలిసిపోయిన మాటల్ని కూడా ఏరి పారేశాడు. అనువాదంలో చదివేవాళ్ళకు ఈ నిష్ఠ కనబడదు, అది వేరే బాధ. అర్గేదాస్ 1962లో తూపాక్ అమారు మీద క్వెచువాలో రాసిన స్తోత్రంలో మాత్రం స్పానిష్ మాటలకు క్వెచువా ప్రత్యయాలు తగిలించి, జనం పలికినట్టే వాడాడు. నా ఓటు అర్గేదాస్‌కే. కన్నడమో తమిళమో కలిసిన మన తెలుగును సరిదిద్దబోయే పెద్దమనిషి మన ఊళ్ళలోనూ ఉన్నాడు కదా!

అయితే ఇది వట్టి రుచిభేదం కాదు. కుస్కో పెద్దలు తమ క్వెచువాను ‘ఖపాక్ సిమి’, అంటే ఏలినవారి భాష అనేవారు. కూలివాడిది ‘రునా సిమి’, మామూలు మనిషి మాట. కానస్‌లో దొర పాట కట్టినా, కూలివాణ్ణి పనికి అదిలించినా క్వెచువాలోనే. భాష ఒకటే అయినంత మాత్రాన పక్షం ఒకటి కాలేదు.

అలెన్‌కాస్త్రె తండ్రిని 1921లో లాయోలో తిరగబడ్డ ఇండియన్ రైతులు చంపారు. కొడుకు విశ్వవిద్యాలయంలో క్వెచువా ఆచార్యుడయ్యాడు, ఆ భాషలోనే నాటకాలు కూడా రాశాడు, భూస్వామిగానూ ఉండిపోయాడు. 1984లో ఆయన్నూ కానస్ రైతులే చంపారు. ఆ రైతులు మాట్లాడేదీ క్వెచువాయే.

ఆ చావును చూపి కావ్యాన్ని తోసిపుచ్చేవాళ్ళతో నాకు పేచీ ఉంది. కావ్యాన్ని అడ్డుపెట్టి దొరతనాన్ని కడిగేసేవాళ్ళతో అంతకంటే పెద్ద పేచీ ఉంది. ‘తాకి పర్వ’ను కొత్తగా చదవబోయే కుర్రవాడికి 1984 సంగతి ముందే చెప్పాలా, పుస్తకం మూసాక చెప్పాలా అంటే, నేనైతే ముందే చెబుతాను.