తాత విసిరిన వల

బొంబాయి కట్టడాల పనికి తరలివచ్చిన తెలుగు కామాఠీల పేరే కామాఠిపురానికి నిలిచింది. ఇక్కడ మేముండే చాల్‌లో మా పొరుగువాళ్లు తెలంగాణవాళ్లు. వాళ్లు చెరువు చేపల రుచి చెబుతుంటే నాకు మా భీమిలి గుర్తొస్తుంది. అక్కడ గోస్తని నది సముద్రంలో కలిసేచోట మాకో పెంకుటిల్లు ఉండేది. ఇప్పుడది వేరేవాళ్లది.

అక్కడ మా తాత విసురు వల వేసేవాడు. తాడు కొస ఎడమ మణికట్టుకు కట్టుకుని, వల అంచు ఒకపక్క పళ్లతో పట్టి, కొంత మోచేతి మీద వేసుకుని, నడుం తిప్పి వదిలేవాడు. వల గాల్లో గుండ్రంగా విచ్చుకోవాలి, సీసం గుండ్లన్నీ ఒక్కసారే నీళ్లను తాకాలి. ఒకపక్క ముందు పడిందా, చేప జారిపోయినట్టే. "నీళ్లు కాదురా, నీళ్ల కింద కదిలే నీడ సూడు" అనేవాడు. పోటు దిగేవేళ రొయ్యలు బాగా పడేవి. మరీ చిన్నవాటిని ఏరి మళ్లీ ఏట్లోకే వదిలేవాడు.

బొంబాయిలోని 1875 నాటి ససూన్ డాక్‌లో తెల్లారకముందే పడవల నుంచి దిగే చేపల రాశులు చూశాను. ఆ పడవల బలం గొప్పదే. అయినా తాత చేతి ఒడుపుకే నేను పెద్దపీట వేస్తాను. మీ ఊళ్లో విసురు వల వేసే పెద్దాయన ఉంటే పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి, వీలైతే నేర్పించండి.